శ్రమగీతమూ, అలసటా

శ్రమను కీర్తించే రచన ఏదైనా అభ్యుదయ రచనే అవుతుందన్న అభిప్రాయం మనలో చాలామందికి ఉంది. దీన్ని ఎవరూ సిద్ధాంతంగా రాసిపెట్టలేదు గాని, మన సమీక్షలు తిరగేస్తే అడుగడుగునా ఇదే కనిపిస్తుంది. కథలో యంత్రం ముందు నిలబడిన మనిషి ఉంటే చాలు, అతని నుదుట చెమట ఉంటే చాలు, విమర్శకుని కలం మెత్తబడిపోతుంది. ఈ అభిప్రాయం ఎంతవరకు నిలుస్తుందో తేల్చుకోవాలంటే దాన్ని అన్నిటికన్నా కష్టమైన చోట పెట్టి చూడాలి. నా దృష్టిలో అలాంటి చోటు రెండవ ప్రపంచయుద్ధ కాలపు కర్మాగారం.

యుద్ధరంగంలో పోరాడిన సైనికుని గురించి ప్రపంచ భాషలన్నిటిలోనూ సాహిత్యం కుప్పతెప్పలుగా ఉంది. ఆ సైనికుడు ఎక్కిన విమానానికి రేకులు బిగించినవాళ్ల గురించీ, అతని తుపాకీకి గురి కుదిర్చే అద్దాన్ని అరగదీసినవాళ్ల గురించీ వచ్చింది చాలా తక్కువ. వాళ్లలో ఎక్కువమంది తరతరాలుగా ఫ్యాక్టరీని నమ్ముకున్న కార్మికులు కారు. నిన్నటిదాకా దుకాణంలో గుడ్డలు కొలిచిన అమ్మాయి, ఇంట్లో తండ్రికి వండిపెట్టిన కూతురు, దొరల ఇళ్లలో పనిచేసిన దాసి, ఆఫీసు గుమాస్తా - ఇలాంటి పట్టణవాసులు. యుద్ధం వాళ్లను తీసుకువెళ్లి లేతు ముందు నిలబెట్టింది. ఆ పని వాళ్లు కోరుకున్నది కాదు. కాని ఆ పని లేకపోతే యుద్ధం లేదు. శ్రమను గురించి సాహిత్యం ఏం చెప్పగలదో, ఏం దాచగలదో ఇక్కడ తెలిసినంత స్పష్టంగా మరోచోట తెలియదు.

నేను పరిశీలనకు తీసుకున్నవి నాలుగు. బ్రిటిష్ సినిమా ఒకటి, బ్రిటిష్ పరిశీలన గ్రంథం ఒకటి, జపాను సినిమా ఒకటి, సోవియట్ నవల ఒకటి. మొదటి మూడూ యుద్ధం సాగుతూండగానే వచ్చాయి. నవల యుద్ధం ముగిసిన రెండేళ్లకు వచ్చింది. సినిమాను సాహిత్య విమర్శలోకి ఎందుకు లాగావని ఎవరైనా అడగవచ్చు. కథ చెప్పే ప్రతి కళా మన విచారణలోకి వస్తుందనేదే నా సమాధానం.

ముందు బ్రిటిష్ సినిమా. 1941 డిసెంబరులో బ్రిటను ఒక చట్టం చేసి, పెళ్లికాని యువతులను కూడా నిర్బంధ జాతీయ సేవలోకి తీసుకునే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. సైన్యపు అనుబంధ దళాలకో, కర్మాగారాలకో, మరో అవసరమైన పనికో వాళ్లు వెళ్లాలి. ఈ నేపథ్యంలో ఫ్రాంక్ లాండర్, సిడ్నీ గిలియట్ కలిసి రాసి, కలిసి దర్శకత్వం వహించిన చిత్రం 'మిలియన్స్ లైక్ అస్' (మనలాంటి లక్షలమంది). ప్రభుత్వ సమాచార శాఖ ప్రోత్సాహంతో తయారై 1943లో విడుదలైంది. అంటే ఇది ప్రచార చిత్రమే. అయినంత మాత్రాన కొట్టిపారేయవలసిన పని లేదు. ప్రచారం ఏం ఒప్పుకుందో, ఏం ఒప్పుకోలేదో చూడటం విమర్శకుని పని.

కథానాయిక సీలియా ఒక మామూలు కుటుంబంలో చిన్నకూతురు. తండ్రికి ఇంటిపని చేసిపెడుతూ ఉంటుంది. పిలుపు వచ్చినప్పుడు చక్కని యూనిఫారం వేసుకుని వైమానిక దళంలో తిరుగుతున్నట్టు పగటికలలు కంటుంది. ఆఫీసులో ఆమెకు దొరికింది విమానాల ఫ్యాక్టరీ పని. ఆమె ముఖం వాడిపోతుంది. ఆ ముఖాన్ని సినిమా దాచలేదు. ప్రచారం కోసం తీసిన చిత్రంలో కథానాయిక తనకు దక్కిన దేశసేవను చూసి నిరుత్సాహపడటం చిన్న విషయం కాదు. తర్వాత హాస్టలు, కొత్త స్నేహితురాళ్లు, యంత్రమంటే మొదట భయం, ఆపైన అలవాటు. ఫ్రెడ్ అనే బిడియస్తుడైన యువ వైమానికునితో పరిచయం, పెళ్లి, కొద్దిరోజుల కాపురం. అతను జర్మనీ మీది దాడిలో చనిపోతాడు. చివరి దృశ్యం ఫ్యాక్టరీ క్యాంటీనులో. అందరూ పాడుతున్నారు. పక్కనున్న స్నేహితురాలి ప్రోత్సాహంతో సీలియా గొంతు కలుపుతుంది. పైన బాంబరు విమానాలు సాగిపోతున్నాయి.

ఇది కన్నీరు తెప్పించే దృశ్యమే. కాని ఆ సినిమాలో నాకు అంతకన్నా ముఖ్యంగా తోచిన దృశ్యం మరొకటి ఉంది. ఫోర్‌మన్ చార్లీ శ్రమజీవుల బిడ్డ. జెన్నిఫర్ కలవారి అమ్మాయి. మొదట కీచులాడుకున్నవాళ్లే తర్వాత ప్రేమించుకుంటారు. పెళ్లి మాట వచ్చినప్పుడు చార్లీ వెనక్కి తగ్గుతాడు. యుద్ధం గనక మనమంతా ఒకచోట ఉన్నాం, యుద్ధం అయిపోయాక ఇదిలాగే ఉంటుందా, పాత రోజులు తిరిగి వస్తాయా, అది తేలేదాకా ఆగుదాం అన్నది అతని మాటల సారాంశం. ప్రభుత్వం దగ్గరుండి చేయించిన సినిమాలో ఒక కార్మికుడు ఆ ప్రభుత్వాన్నే నిలవేస్తున్నాడు: మా ఐక్యత మీకు యుద్ధానికి మాత్రమే కావాలా? సినిమా దీనికి జవాబు చెప్పదు. జవాబు లేని ప్రశ్నను అలాగే ఉంచినందుకే ఆ సినిమా ఇప్పటికీ బతికి ఉంది.

మరి ఈ సినిమా చెప్పనిదేమిటి? అది తెలియాలంటే అదే 1943లో వచ్చిన 'వార్ ఫ్యాక్టరీ' చదవాలి. సామాన్యుల నిత్యజీవితాన్ని పరిశీలించి నమోదు చేయటానికి 1937లో పుట్టిన మాస్ అబ్జర్వేషన్ సంస్థ తరఫున సీలియా ఫ్రెమ్లిన్ రాసిన గ్రంథమిది. ఆమె తర్వాతి కాలంలో నవలా రచయిత్రిగా పేరు తెచ్చుకున్నది. రాడారు పరికరాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో ఆమె మామూలు కార్మికురాలిగా చేరి, తోటి యువతుల మాటలూ చేతలూ నమోదు చేసింది. సినిమాలోని నాయిక పేరూ, ఈ రచయిత్రి పేరూ ఒకటే కావటం కాకతాళీయం. కాని ఇద్దరు సీలియాలూ చూసిన ఫ్యాక్టరీలు ఒకటి కావు.

ఫ్రెమ్లిన్ చూసిన ఫ్యాక్టరీలో పాటలు లేకపోలేదు. కాని అక్కడ అసలు నాయకుడు గడియారం. పని పొద్దున మొదలై రాత్రికి ముగుస్తుంది. పొద్దున బాగానే గడుస్తుంది. మధ్యాహ్నం టీ దాటిన తర్వాత కాలం కదలదు. యువతులు గడియారం వంక చూస్తారు, చూడకుండా ఉండటానికి పంతం పడతారు, మళ్లీ చూస్తారు. బట్టలు మార్చుకునే గదికి పోయి నాలుగు నిమిషాలు దొంగిలిస్తారు. తాము చేసే ముక్క ఏ యంత్రంలోకి పోతుందో, ఆ యంత్రం యుద్ధంలో ఏం చేస్తుందో వాళ్లకు తెలియదు. వాళ్ల ఊహలో యుద్ధం ఎక్కడో దూరాన ఉంది. యుద్ధ పరికరాలు తయారుచేస్తూన్నవాళ్లకే యుద్ధం మీద ఆసక్తి అడుగంటింది. పన్నెండు గంటలు యంత్రానికి ఇచ్చిన మనిషి దగ్గర పేపరు చదవటానికి ఏం మిగులుతుంది? ఫ్రెమ్లిన్ వాళ్లను తిట్టలేదు, పొగడలేదు. చూసింది చూసినట్టు రాసింది.

సినిమాలోని చార్లీ ప్రశ్న రేపటిది. గ్రంథంలోని గడియారం ఇవాళ్టిది. ఈ రెండిటికీ మధ్య మూడోది ఒకటుంది, కూలి. సినిమా విడుదలైన 1943 చివర్లోనే గ్లాస్గో దగ్గర హిల్లింగ్టన్‌లో విమాన ఇంజన్లు చేసే రోల్స్ రాయిస్ ఫ్యాక్టరీలో స్త్రీలు సమ్మె చేశారు. మగవాళ్లు చేసే పని తామూ చేస్తూంటే కూలి ఎందుకు తక్కువన్నది వాళ్ల ప్రశ్న. వేలమంది మగ కార్మికులు వాళ్లతో కలిశారు. 1940లో వచ్చిన 1305వ నంబరు ఉత్తర్వు కింద అప్పట్లో సమ్మె చట్టవిరుద్ధం. ఆ ఉత్తర్వు యుద్ధం ముగిసిన తర్వాత కూడా కొనసాగి 1951లో గాని రద్దు కాలేదు. సమాన వేతన చట్టం 1970లో గాని రాలేదు, 1975లో గాని అమలుకు రాలేదు. చార్లీ అడిగిన ప్రశ్నకు చరిత్ర ఇచ్చిన జవాబులో ఇదొక భాగం. సినిమాలో మనం సీలియా కన్నీళ్లు చూస్తాం, ఆమె జీతపు కవరు లోపలికి మాత్రం చూడం.

ఇప్పుడు జపానుకు వెళదాం. 1944లో అకిరా కురొసావా తీసిన 'ఇచిబన్ ఉత్సుకుషికు' (అత్యంత సుందరంగా) ఆయన రెండవ చిత్రం. యుద్ధ పరికరాలకు కావలసిన లెన్సులు చేసే కర్మాగారంలో పనిచేసే యువతుల కథ. ఉత్పత్తి కోటా పెంచుతున్నామని యాజమాన్యం ప్రకటిస్తుంది. మగవాళ్లకు నూటికి నూరు, ఆడవాళ్లకు యాభై పెంపు. యువతులు అలుగుతారు. కోటా ఎక్కువైందని కాదు, తక్కువైందని! వాళ్ల నాయకురాలు వతనబె వెళ్లి, మగవాళ్ల పెంపులో మూడింట రెండువంతులన్నా మాకివ్వండని ప్రాధేయపడుతుంది. ఒక అమ్మాయి జబ్బుపడితే ఇంటికి పంపిస్తారు. ఇంకొకతె జ్వరాన్ని దాచుకుని పనిచేస్తుంది. వతనబె ఒక లెన్సును పరీక్షించకుండా పొరపాటున మిగతావాటిలో కలిపేసి, దాన్ని వెతికి పట్టుకోవటానికి రాత్రంతా మైక్రోస్కోపు ముందు కూచుంటుంది. చివర్లో తల్లి చనిపోయిందని కబురు వస్తుంది. వెళ్లమని పైవాళ్లే అంటారు. ఆమె వెళ్లదు. మళ్లీ మైక్రోస్కోపు ముందు కూచుని, కళ్ల నీళ్లు కారుతూండగా పని చేస్తుంది.

ఇది చేతకానివాడు తీసిన చిత్రం కాదు. నటీమణులను నిజమైన కర్మాగారపు వసతిగృహంలో ఉంచి, నిజంగా పనిచేయించి తీసిన చిత్రం. తన గొప్ప చిత్రాల్లో ఇది ఒకటి కాకపోయినా తనకు అత్యంత ప్రియమైనది ఇదేనని కురొసావా తర్వాత రాసుకున్నాడు. ఆ అమ్మాయిల ముఖాలు చూస్తే ఆయన అభిమానం అర్థమవుతుంది. నిజాయితీ లేదనటానికి వీల్లేదు. కాని ఆ లెన్సుల సాయంతో ఎవరి మీద గురిపెట్టారు? చైనా రైతు మీద, బర్మా మీద, ఫిలిప్పీన్స్ మీద.

రెండు చిత్రాల చివరి దృశ్యాలను ఒకదాని తర్వాత ఒకటి నా విద్యార్థులకు చూపించాను. ఇక్కడ ఒక స్త్రీ భర్తను పోగొట్టుకుని బృందగానంలో గొంతు కలుపుతుంది. అక్కడ ఒక స్త్రీ తల్లిని పోగొట్టుకుని యంత్రం ముందు కూచుంటుంది. ఇద్దరి సొంత దుఃఖమూ ఉమ్మడి కార్యంలో కరిగిపోయింది. వీటిలో ఏ యుద్ధం న్యాయమైందో ఈ దృశ్యమే మీకు చెబుతున్నదా అని అడిగాను. చరిత్ర చదివినవాళ్లు చరిత్రను బట్టి చెప్పారు. దృశ్యాన్ని బట్టి ఎవరూ చెప్పలేకపోయారు. చెప్పటం సాధ్యం కూడా కాదు.

నా వాదానికి ఇదే ఇరుసు. ఫాసిజాన్ని ఎదిరించే యుద్ధానికీ, ఆసియాను కబళించిన యుద్ధానికీ ఒకే శ్రమగీతం ఒకే శ్రుతిలో సరిపోతున్నప్పుడు, ఆ గీతం రచన విలువకు కొలత ఎలా అవుతుంది? చెమట బిందువుకు ఏ జెండా రంగూ ఉండదు. త్యాగాన్ని చూపించినంత మాత్రాన అభ్యుదయం అయ్యేట్టయితే, వతనబె కన్నీరు సీలియా కన్నీటికన్నా అభ్యుదయకరమని ఒప్పుకోవాలి. ఆమె త్యాగమే పెద్దది గదా!

మరి కొలత ఏమిటి? రచన కార్మికునికి తనదంటూ ఏదైనా మిగిల్చిందా అన్నది నేను అడిగే ప్రశ్న. విసుగు, అలసట, కూలి లెక్క, పైవాడి మీద కోపం, రేపటి గురించి అనుమానం - వీటిలో ఒక్కటైనా సరే. కురొసావా చిత్రంలో అలసట లేకపోలేదు, కావలసినంత ఉంది. కాని అక్కడ అలసట జయించవలసిన శత్రువు. దానికి చెప్పుకునే నోరు లేదు. కోటా ఎవరు నిర్ణయించారని ఒక్కరూ అడగరు. వాళ్లు అడిగిందల్లా ఇంకొంచెం పని. బ్రిటిష్ చిత్రంలో అలసట పల్చబడింది గాని, నిరుత్సాహానికి చోటుంది, చార్లీ అనుమానానికి చోటుంది. ఆ చిత్రం మెరుగైనది మిత్రరాజ్యాల పక్షాన ఉన్నందుకు కాదు, ఆ రెండు తలుపులూ మూయనందుకు. ఇక ఫ్రెమ్లిన్ గ్రంథం అసలు గోడనే పడగొట్టింది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. అది తేలికపాటిది కాదు. ఇల్లు తగలబడుతూంటే నీళ్లు మోసేవాని చేతినొప్పి గురించి రాస్తావా? హిట్లరు ఇంగ్లీషు కాలువ అవతలి ఒడ్డున ఉండగా గడియారం గురించి రాయటం ద్రోహం కాదా? నిజమే, ఇల్లు తగలబడుతున్నది. కాని చేతినొప్పి సంగతి తెలియనివాడు మనుషులను మార్చి మార్చి నీళ్లు మోయించలేడు. 1942 జనవరిలో కెంట్ ప్రాంతపు బెటెషాంగర్ బొగ్గుగనిలో సమ్మె జరిగినప్పుడు ప్రభుత్వం సుమారు వెయ్యిమంది మీద కేసులు పెట్టి ముగ్గురు సంఘ నాయకులను జైలుకు పంపింది. బొగ్గు పైకి రాలేదు. కూలి సంగతి మాట్లాడుకుని, నాయకులను వదిలిపెట్టాక వచ్చింది. అలసటా, కూలీ ఉత్పత్తికి బయటి విషయాలు కావు, అవి దాని లోపలి విషయాలే. వాటిని దాచిన రచన యుద్ధానికి కూడా మేలు చేయలేదు. 'వార్ ఫ్యాక్టరీ' యుద్ధం నడుమనే అచ్చయింది. దానివల్ల బ్రిటను ఓడిపోలేదు.

ఆక్షేపించేవారు అప్పుడు సోవియట్ సాహిత్యం వైపు చూపుతారు. అక్కడ ఫ్యాక్టరీ కార్మికునిది గనక ఈ ప్రశ్న పుట్టదంటారు. వీరికి జవాబు నేను చెప్పనక్కరలేదు, వెరా పనోవా చెప్పింది. 1947లో వచ్చిన ఆమె నవల 'క్రుజిలిఖా' యుద్ధపు చివరి రోజుల్లో ఉరల్ ప్రాంతపు పెద్ద కర్మాగారంలో జరిగే కథ. నవలకు ఆయువుపట్టు జర్మనులతో పోరు కాదు, డైరెక్టరు లిస్తొపాద్‌కూ కార్మిక సంఘాధ్యక్షుడు ఉజ్దేచ్కిన్‌కూ మధ్య పోరు. లిస్తొపాద్ సమర్థుడు, చొరవ గలవాడు, ఉత్పత్తి సాధించగలడు. మనుషుల మీదుగా నడిచిపోగలడు కూడా. ఉజ్దేచ్కిన్ యుద్ధంలో భార్యను పోగొట్టుకున్నవాడు, అలిసిపోయినవాడు, చిరాకు మనిషి. ఆకర్షణ అంతా మొదటివానిది, న్యాయంలో చాలాభాగం రెండవవానిది. లిస్తొపాద్ భార్య కాన్పులో చనిపోయిన తర్వాత గాని, తన పక్కనే ఆమె ఎంత ఒంటరిగా బతికిందో అతనికి తెలిసిరాదు. ఫ్యాక్టరీ గెలిచింది, ఇల్లు ఓడింది. ఈ లెక్కను పనోవా రెండువైపులా రాసింది.

లిస్తొపాద్ మంచివాడా చెడ్డవాడా అని అప్పటి సోవియట్ విమర్శకులు గట్టిగా తగువులాడుకున్నారు. అయినా ఆ నవలకు స్టాలిన్ బహుమతి వచ్చింది. ఆ తగువే నవల విజయమని నేనంటాను. అయితే పనోవా కూడా అన్నీ చెప్పలేదు. 1940 జూన్ 26 నాటి శాసనం ప్రకారం ఇష్టం వచ్చినప్పుడు ఉద్యోగం మానటం నేరం, ఇరవై నిమిషాలు ఆలస్యంగా రావటం కూడా శిక్షార్హం. 1956లో గాని ఆ నేరశిక్షలు పోలేదు. ఆ శాసనపు బరువు ఉరల్ కార్మికుల భుజాల మీద ఎంత ఉండేదో ఆ బరువంతా నవలలోకి రాలేదు. మన వైపువాళ్లు గదా అని ఈ మాట మింగేస్తే, కురొసావాను విమర్శించే అర్హత మనకు మిగలదు.

ఇంతకూ ఇది మనకు పరాయి చర్చ కాదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాను బాంబులు పడ్డాయి. వతనబె చేసినటువంటి లెన్సుల గురి మన తీరం దాకా వచ్చిందన్నమాట. 1941 జూన్‌లో పునాదిరాయి పడిన విశాఖ నౌకానిర్మాణ కేంద్రం నుంచి మొదటి ఓడ 'జల ఉష' 1948లో గాని నీళ్లలోకి దిగలేదు. మన దేశంలో కూడా మిల్లులు బట్ట నేశాయి, కర్మాగారాలు మందుగుండు పోశాయి. కాని ఆ యుద్ధంలో చేరుతారా అని ఇక్కడి మనిషిని ఎవరూ అడగలేదు. స్త్రీలను గనుల అడుగుకు దింపరాదన్న నిషేధాన్ని 1943లో బొగ్గు కోసం ఎత్తివేశారు, 1946లో గాని తిరిగి పెట్టలేదు. బ్రిటిష్ సీలియాకు పాటా, క్యాంటీనూ దక్కాయి. అదే సామ్రాజ్యం కోసం గనిలోకి దిగిన మన స్త్రీకి దక్కిందేమిటి? అదే ఏడు వంగదేశంలో లక్షలమంది ఆకలితో చనిపోయారు. అదే ఏడు తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టింది. ఫాసిజం ఓడాలన్న కోరికా, తెల్లదొర పోవాలన్న కోరికా ఒకే గుండెలో ఉన్న కాలమది. ఆ గనిలో దిగిన స్త్రీ ఎవరి యుద్ధానికి బొగ్గు తవ్వింది, ఎంత కూలికి తవ్వింది, 1946లో ఆమెను బయటికి పంపినప్పుడు ఎలా బతికింది - ఈ కథలో సీలియా ప్రశ్నలూ ఉన్నాయి, వలస దేశానికే చెందిన మరో ప్రశ్నా ఉంది.

యుద్ధం పోయింది గాని కోటా పోలేదు. శాంతికాలంలో కూడా దేశం పేర, అభివృద్ధి పేర, ఉద్యమం పేర సైతం మనిషిని ఇంకొంచెం పనిచేయమని అడుగుతూనే ఉంటారు. ఒక్కొక్కప్పుడు అడగటం న్యాయమే కావచ్చు. రచయిత ఆ పిలుపును కాదనవలసిన పని లేదు. కాని పిలుపు విన్న మనిషి మధ్యాహ్నం టీ తర్వాత గడియారం వంక చూసినప్పుడు, ఆ చూపును రచయిత కూడా చూడాలి. ఆ చూపును తీసేసి రాసిన శ్రమగీతం ఎంత శ్రావ్యంగా ఉన్నా యజమాని పాటే అవుతుంది. మన సమీక్షకులు ఇకనైనా కథలో చెమట ఎంత కారిందని గాక, కారినవానికి మాట ఎంత దక్కిందని అడగాలి.